మూడుసార్లు సెట్ చేసినా మళ్ళీ టక్ టక్

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హయత్‌నగర్. నాకు టాటా పది టైర్ల బండి ఉంది, 2008 మోడల్. కమిన్స్ ఆరు సిలిండర్ల ఇంజన్, పాత రకం పంపుది. నేనే ఓనర్‌ని, నేనే డ్రైవర్‌ని. తాండూరు నుంచి బండలు ఏస్కొచ్చి సిటీల దించుత. నెల కింద క్యామ్ అరిగిందంటే ఆటోనగర్‌ల ఇంజన్ విప్పిచ్చిన. క్యామ్ షాఫ్ట్, పన్నెండు పుష్ రాడ్లు, వాల్వ్ స్ప్రింగులు, గైడ్లు, హెడ్ గ్యాస్కెట్ అన్నీ కంపెనీవి కాకుండ బయటి మేక్‌వి ఏసినం, సగం ధరకే వచ్చినయ్. హెడ్డు ఫేసింగ్ కొట్టిచ్చినం. ట్యాపెట్లు గూడ చేసిండు. మూడు దినాలు బండి మంచిగ నడిచింది. తర్వాత పైనుంచి టక్ టక్ షురువైంది. ఉస్తాద్ ట్యాపెట్లు సెట్ చేస్తే రెండు దినాలు ఊకుంటది, మళ్ల అదే కథ. గిట్ల మూడుసార్లు అయింది. మూడోసారి చూస్తే నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ పుష్ రాడ్ వంగి ఉన్నది, అది మార్చినం. ఇప్పుడు అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు బండి గుంజుతలేదు, నల్ల పొగ కొడుతున్నది. ఎగ్జాస్ట్ బ్రేక్ ఏస్తే సౌండ్ ఇంకా పెరుగుతది. ఉస్తాద్ పంపు ఖరాబైంది అంటున్నడు. స్పేర్ పార్ట్స్ దుకాణమాయన స్ప్రింగులు వీకున్నయ్, హెవీ స్ప్రింగులు ఎయ్యి అంటున్నడు. ఎవరి మాట ఇనాలె? బిల్లు ఫోటో పంపుతున్న. కిస్తీలు కట్టాలె, జర తొందరగ చెప్పు అన్నా.

సమాధానం: తమ్ముడూ, ముందు బండి పక్కకు పెట్టండి. కిస్తీల సంగతి నాకు అర్థమవుతుంది, కానీ ఒకసారి పుష్ రాడ్ వంగిన ఇంజిన్‌తో పదహారు టన్నుల బండలు వేసుకొని గుట్ట ఎక్కడం మాత్రం వద్దు. వాల్వు ఒకటి విరిగి సిలిండర్లో పడిందంటే పిస్టన్ పోతుంది, హెడ్డు పోతుంది, ఆ ముక్కలు టర్బోలోకి పోతే అదీ పోతుంది. అప్పుడు మనం మాట్లాడుకునేది ట్యాపెట్ల గురించి కాదు, ఇంకో ఇంజిన్ గురించి.

ఎవరి మాట వినాలి అన్నారు కదా. ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. డీజిల్ పంపు దింపించకండి, కొత్త స్ప్రింగులు కొనకండి. ఇంకో రూపాయి సామాను కొనేముందు గ్యాపు కొలిచే సన్నరేకుల ఫీలర్ గేజు ఒకటి, ఒక నోటు పుస్తకం, కదలికను ముల్లుతో చూపే డయల్ గేజు ఒకటి ఉంటే చాలు. డయల్ గేజు కొనక్కర్లేదు, ఏ లేత్ షాపులో అడిగినా పూటకి ఇస్తారు.

నా అనుమానం ఏమిటో ముందే చెప్పేస్తాను. మీరు పంపిన బిల్లు రెండుసార్లు చదివాను. వాల్వులను నడిపే క్యామ్ షాఫ్ట్ ఉంది, పుష్ రాడ్లు ఉన్నాయి, స్ప్రింగులు, గైడ్లు, గ్యాస్కెట్ ఉన్నాయి. ట్యాపెట్లు లేవు. మీరేమో ‘ట్యాపెట్లు గూడ చేసిండు’ అని రాశారు. ఇక్కడే ఉంది తిరకాసు. మన షెడ్లలో ట్యాపెట్ అంటే రెండు అర్థాలు. పైన, పుష్ రాడ్ నెట్టగానే ఊగి వాల్వును తెరిచే మీట రాకర్. రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఫీలర్ పెట్టి సరిచేసే గ్యాపునీ ట్యాపెట్ అనే అంటారు. కింద, క్యామ్ మీద కూర్చొని పుష్ రాడ్‌ని పైకి నెట్టే ఇనుప ముక్కనీ ట్యాపెట్ అనే అంటారు. మీ ఉస్తాద్ చేసింది మొదటిది. మీరు అనుకున్నది రెండోది. అంటే మీ ఇంజిన్లో కొత్త క్యామ్ మీద పదిహేనేళ్ళ నాటి పాత ట్యాపెట్లు నడుస్తున్నాయన్నమాట.

మీ ఉస్తాద్ మోసం చేశాడని నేననను. ఈ ఇంజిన్ కట్టుబడే అలాంటిది. దీని ట్యాపెట్లు పుట్టగొడుగు ఆకారంలో ఉంటాయి, గొడుగు కిందికి, కాడ పైకి. అందుకని పైనుంచి బయటికి రావు, కిందనుంచే రావాలి. క్యామ్ మార్చేటప్పుడు పుష్ రాడ్ల రంధ్రాల్లోంచి చెక్క పుల్లలు దిగ్గొట్టి, ట్యాపెట్లను పైకి లాగి, రబ్బర్లతో కట్టేస్తారు. అవి అలా వేలాడుతుండగానే పాత క్యామ్ ముందునుంచి లాగి కొత్తది తోసేయవచ్చు. ఒక్క ట్యాపెట్ కూడా ముట్టుకోనక్కర్లేదు. ట్యాపెట్లు కూడా మార్చాలంటే క్యామ్ తీసిన బొక్కలోకి సన్నటి దోనె లాంటిది దూర్చి, ఒక్కోదాన్నీ అందులోకి జారవిడిచి బయటికి తీయాలి. దానికి కంపెనీ టూలు ఉంది. లేనివాళ్ళు పీవీసీ పైపును నిలువునా చీల్చి వాడతారు. పన్నెండింటికి పన్నెండుసార్లు ఆ దోనె లోపలికీ బయటికీ. సగం రోజు పని, ఓపిక పని. ‘పాతవి బాగానే కనిపిస్తున్నాయిలే’ అనిపించడం సహజం.

బాగానే కనిపిస్తాయి, అదే సమస్య. ట్యాపెట్ అడుగు కంటికి బల్లపరుపుగా కనిపించినా, క్యామ్ లోబ్ (షాఫ్ట్ మీది గుబ్బ) మీద అది ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది, క్యామ్ తిరిగినప్పుడల్లా తనూ కొద్దికొద్దిగా గింగిరాలు తిరుగుతుంది. అలా తిరిగితేనే అరుగుదల ఒకేచోట పడకుండా ఉంటుంది. పాత ట్యాపెట్ పాత లోబ్‌తో కలిసి అరిగి, దాని ఒంపుకు తగ్గట్టు తన అడుగు మార్చుకొని ఉంటుంది. దాన్ని తెచ్చి కొత్త లోబ్ మీద పెడితే ఆనవలసిన చోట ఆనదు, తిరగవలసినట్టు తిరగదు. ఒక్కచోటే గీకుతుంది. లోబ్ మీద గట్టి పొర పైపైనే ఉంటుంది. అది ఉన్నంతసేపు ఓర్చుకుంటుంది, అది పోయిందా, లోపలి మెత్తటి ఇనుము సబ్బులా అరిగిపోతుంది. మీ కథలో మొదటి మూడు రోజులు నిశ్శబ్దం, ఆ తర్వాత రెండేసి రోజులకోసారి చప్పుడు కావడం నాకు అందుకే అనుమానం కలిగించింది. తాండూరు నుంచి సిటీకి నాలుగు గంటలు పట్టిందనుకోండి, ఇంజిన్ 1600 ఆర్పీఎమ్‌లో తిరిగితే క్యామ్ అందులో సగం, అంటే నిమిషానికి 800 చుట్లు. ఒక్క ట్రిప్పులో ప్రతి వాల్వూ దాదాపు 2 లక్షల సార్లు తెరుచుకుంటుంది. గీకుడు మొదలయ్యాక లోబ్ అరగడానికి నెల అక్కర్లేదు.

ఇక్కడ ఇంకో మాట అడగాలి. ఇంజిన్ కట్టాక మొదటిసారి స్టార్ట్ చేసి ఏం చేశారు? కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, బండిని ఐడిలింగ్‌లో వదిలేసి అందరూ టీ తాగడానికి పోలేదు కదా? మన దగ్గర ఇది ఆచారమే అయిపోయింది. కొత్త ఇంజిన్‌ని నెమ్మదిగా నడిపితే మంచిదని మన నమ్మకం. క్యామ్ విషయంలో అది తిరగబడుతుంది. ఐడిలింగ్‌లో క్యామ్ మీదికి చిమ్మే ఆయిల్ తక్కువ, లోబ్ ముక్కు మీద స్ప్రింగు ఒత్తిడి ఎక్కువ. కొత్త క్యామ్, కొత్త ట్యాపెట్లు వేసినప్పుడు లోబ్‌లకు మోలీ పేస్టు పట్టించి, స్టార్ట్ కాగానే 1500 ఆర్పీఎమ్‌కి పైన ఇరవై నిమిషాలు అటూ ఇటూ మారుస్తూ నడపాలి. టీ ఆ తర్వాత.

సరే, ఇదంతా నా ఊహ. ఊహ మీద ఇంజిన్ విప్పకూడదు. రుజువు కావాలంటే ఇలా చేయండి.

ఉదయాన్నే, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద, వాల్వ్ కవర్లు తీసి ముందు ఏమీ కదపకుండా చూడండి. రాకర్ల మీద అడ్జస్టింగ్ స్క్రూలు ఉంటాయి కదా, లాక్ నట్టు పైన ఒక్కో స్క్రూ ఎన్ని మరలు బయటికి కనిపిస్తోందో పన్నెండూ పోల్చి చూడండి. గ్యాప్ పెరిగినప్పుడల్లా ఉస్తాద్ స్క్రూని కిందికి దింపి సరిచేశాడు. మూడుసార్లు దింపిన స్క్రూ మిగతావాటికంటే పొట్టిగా కనిపించి తీరాలి. ఈ పరీక్షకు కళ్ళు తప్ప ఏ పనిముట్టూ అక్కర్లేదు, కానీ షెడ్లలో దీన్ని చూసేవాళ్ళు తక్కువ. పొట్టి స్క్రూలు ఎన్ని, ఏ సిలిండర్వి, ఇన్‌లెట్‌వా ఎగ్జాస్ట్‌వా, రాసుకోండి.

తర్వాత ఫీలర్. ఈ ఇంజిన్‌కి చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.50 మిల్లీమీటర్లు. మన లెక్కలో పది థౌ, ఇరవై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). మొదటి సిలిండర్ని కంప్రెషన్ టీడీసీకి (రెండు వాల్వులూ మూసి ఉండి, పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకి) తెచ్చి ఇన్‌లెట్‌లో 1, 2, 4, ఎగ్జాస్ట్‌లో 1, 3, 5 చూడాలి. క్రాంక్‌ని సరిగ్గా ఒక చుట్టు తిప్పి ఇన్‌లెట్ 3, 5, 6, ఎగ్జాస్ట్ 2, 4, 6. టీడీసీ దొరకబుచ్చుకోవడానికి టైమింగ్ పిన్ను నొక్కి ఉంటే, క్రాంక్ తిప్పేముందు దాన్ని వెనక్కి లాగడం మరవకండి, లేదంటే విరిగి గేరు కేసులో పడుతుంది. ముఖ్యమైన మాట: ముందు ఉన్న గ్యాప్ ఎంతో రాసుకోండి, ఆ తర్వాతే సరిచేయండి. మీ ఉస్తాద్ మూడుసార్లు సెట్ చేశాడు, ఒక్కసారైనా సెట్ చేయకముందు ఎంత ఉందో రాశాడా? రాసుంటే ఈ ఉత్తరమే అక్కర్లేకపోను.

సరిచేశాక లాక్ నట్టుకీ స్క్రూకీ కలిపి పెయింటుతో ఒక గీత గీయండి. ఖాళీ బండిని రింగు రోడ్డు మీద వంద కిలోమీటర్లు నడిపి, మళ్ళీ రాత్రంతా చల్లారనిచ్చి, మళ్ళీ కొలవండి. ఒకటి రెండు థౌ తేడా ఫీలర్ పట్టుకున్న చేతిని బట్టి కూడా వస్తుంది, పట్టించుకోకండి. మామూలుగా ఒకసారి సెట్ చేసిన గ్యాప్ ముప్పై నలభై వేల కిలోమీటర్ల దాకా పెద్దగా కదలకూడదు. అది వందకే కదిలిందంటే ఎటు కదిలిందో చూడాలి. మొత్తం వాల్వ్ ట్రెయిన్ గుట్టు అక్కడే ఉంది. గ్యాప్ తగ్గితే వాల్వు పైకి, అంటే సీటు లోపలికి కూరుకుంటోంది, అది హెడ్డు పనిలో తప్పు. గ్యాప్ పెరిగితే క్యామ్ నుంచి రాకర్ దాకా ఏదో ఒకటి అరుగుతోంది. పెయింటు గీత విడిపోతే ఏదీ అరగలేదు, నట్టు వదులవుతోందంతే. చప్పుడు వినగానే ఫీలర్ తీసి బిగించేస్తే ఈ మూడింట్లో ఏది జరిగిందో ఎప్పటికీ తెలియదు.

గ్యాప్ పెరిగి, గీత కదలకపోతే, అప్పుడు డయల్ గేజు. రాకర్లు విప్పకండి. ఈ ఇంజిన్లో ప్రతి రాకర్ పీఠంలోంచీ ఒక పొడవాటి హెడ్ బోల్టు దిగుతుంది, రాకర్ విప్పితే హెడ్డు బిగింపునే కదిపినట్టు. గేజు ముల్లు అడ్జస్టింగ్ స్క్రూ తల మీద ఆనించి, వేలితో రాకర్‌ని పుష్ రాడ్ వైపు నొక్కిపట్టి, ఇంకొకరితో క్రాంక్ మెల్లగా తిప్పించండి. డీజిల్ కట్ చేసి, బ్యాటరీ వైరు తీసేశాకే. ముల్లు కిందినుంచి పైకి ఎంత కదిలిందో ఆ లోబ్ ఎత్తు అంత. కంపెనీ పుస్తకంలో అంకె వెతకక్కర్లేదు. ఆరు ఎగ్జాస్ట్‌లను ఒకదానితో ఒకటి, ఆరు ఇన్‌లెట్‌లను ఒకదానితో ఒకటి పోల్చండి. ఐదింటి కంటే ఆరోది అర మిల్లీమీటరు తక్కువ ఎత్తిందంటే ఆ లోబ్ పని అయిపోయిందని రాసిపెట్టుకోండి. ఎత్తు అన్నింటికీ సమానంగా ఉండి గ్యాప్ మాత్రం పెరిగితే క్యామ్‌కి పాపం లేదు, పుష్ రాడ్ కొసలు గానీ రాకర్ గానీ అరుగుతున్నాయి. బయటి మేక్ పుష్ రాడ్లలో కొసకు సరైన వేడిచికిత్స లేనివి నేను చూశాను. ఆకురాయి పెట్టి రుద్దితే గట్టి కొస మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తని కొసను కొరుకుతుంది.

ఇంకొక పరీక్ష ఉంది, నాకు ఇష్టమైంది. పుష్ రాడ్ల మీద పైభాగంలో తెల్ల పెయింటు చుక్క పెట్టి, కవర్లు తీసే ఇంజిన్ని రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో నడిపించి చూడండి. ట్యాపెట్ తిరుగుతుంటే పుష్ రాడ్ కూడా దానితో తిరుగుతుంది. పదకొండు చుక్కలు మెల్లగా చుట్టు తిరుగుతూ, ఒకటి మాత్రం నిలబడి పైకీ కిందికీ ఊగుతోందనుకోండి, అదే. మెడలో తువ్వాలు తీసేయండి, ఆయిల్ చిమ్ముతుంది కాబట్టి ముఖం దూరంగా పెట్టండి. చూస్తున్నంతసేపూ ప్రతి రాకర్ దగ్గరా ఆయిల్ వస్తోందా లేదా అన్నది కూడా గమనించండి. పైకి ఆయిల్ గ్యాస్కెట్ గుండానే రావాలి. బయటి గ్యాస్కెట్ రంధ్రం ఒక పిసరు పక్కకున్నా, సిలికాన్ పేస్టు ధారాళంగా పూసి అది లోపలికి పిండినా, రాకర్ ఎండిపోతుంది.

చివరిగా ఆయిల్ ఫిల్టర్ విప్పి, డబ్బాను కోసి, లోపలి కాగితం మడతలు విప్పదీసి ఎండలో చూడండి. మెరిసే రజను ఉండి, అది అయస్కాంతానికి అంటుకుంటే, ఆ రజనే మీ క్యామ్. అంటుకోని పసుపు తెలుపు మెరుపులుంటే బేరింగుల దాకా పోయిందని. అప్పుడు సంపు, అంటే ఇంజిన్ అడుగునున్న ఆయిల్ తొట్టి, దింపక తప్పదు.

పంపు సంగతికొద్దాం. నల్ల పొగ చూడగానే డీజిల్ ఎక్కువవుతోందని పంపు మీద పడతారు. డీజిల్ సరిగ్గానే ఉండి గాలి తగ్గినా పొగ నల్లగానే వస్తుంది. ఎగ్జాస్ట్ లోబ్ అరిగితే వాల్వు సగమే తెరుచుకుంటుంది, కాలిన గాలి సిలిండర్లోనే మిగిలిపోతుంది, కొత్త గాలికి చోటు ఉండదు. పంపు ఎప్పటిలాగే డీజిల్ పోస్తుంది. గుట్ట మీద గుంజకపోవడం, నల్ల పొగ, ఈ రెండూ ఆ ఒక్క లోబ్‌తో సరిపోతాయి. అనుమానం తీరాలంటే ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కొంచెం వదులు చేసి చూడండి. పని చేస్తున్న సిలిండర్ అయితే ఇంజిన్ కుంటుతుంది, చేయనిదైతే తేడా ఉండదు. చప్పుడు కూడా వినండి. పైపు వదులు చేయగానే టక్ టక్ ఆగిపోతే అది ఇంజెక్టర్ది, ఆగకపోతే రాకర్ వైపుదే. ఇది మీలాంటి పాత మెకానికల్ పంపు బండికే. ఈ సమాధానం చదివి కొత్త రకం కామన్ రైల్ బండివాళ్ళెవరూ ఆ పైపు ముట్టుకోకండి, అందులోని ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది.

స్ప్రింగుల దుకాణదారు మాటలో పావు వంతు నిజం ఉండొచ్చు. పొగ బయటికి పోయే దారి మూసే ఎగ్జాస్ట్ బ్రేక్ వేస్తే మానిఫోల్డ్‌లో పేరుకున్న ఒత్తిడి ఎగ్జాస్ట్ వాల్వును వెనకనుంచి తోస్తుంది. స్ప్రింగు బలహీనమైతే వాల్వు తెరుచుకొని మళ్ళీ ఠప్పున మూసుకుంటుంది. అందుకే బ్రేక్ వేసినప్పుడు చప్పుడు పెరుగుతుంది. గ్యాప్ పెరిగి ఉన్నా కొంత అలాగే వినిపిస్తుంది కాబట్టి వెంటనే స్ప్రింగు మీద తీర్పు ఇవ్వకండి. పాత స్ప్రింగులు పారేయలేదు కదా? పాతదొకటి, కొత్తదొకటి వైస్‌లో ఎదురెదురుగా పెట్టి, మధ్యలో రేకు ముక్క పెట్టి బిగించండి. ఏది ముందుగా ఎక్కువ నలిగితే అది బలహీనం. వైస్ పరీక్షలో కొత్తది ఓడిపోతే మార్చండి, కానీ కంపెనీ కొలతదే వేయండి. అరుగుతున్న లోబ్ మీద హెవీ స్ప్రింగు బిగించడం మంటలో ఆజ్యం పోయడమే. ఎంత గట్టి స్ప్రింగు వేస్తే లోబ్ అంత తొందరగా కరుగుతుంది.

వంగిన పుష్ రాడ్ వేరే కథ కావచ్చు, దాన్ని క్యామ్ ఖాతాలో వేసేయకండి. హెడ్డు ఫేసింగ్ (అడుగు చెక్కి చదును చేయడం) ఎక్కువై పిస్టన్ వాల్వును తాకిందా అని మీకు భయం ఉండొచ్చు. ఫేసింగ్ వల్లే అయితే, లేదా టైమింగ్ గేరు ఒక పన్ను తప్పితే, పన్నెండింట్లో ఒక్కటే వంగదు. ఒక్కటే వంగిందంటే నేను రెండే అనుకుంటాను. ఒకటి, రాకర్ పీఠం బిగించేటప్పుడు స్క్రూ వెనక్కి తిప్పకుండా, లేదా పుష్ రాడ్ కొస ట్యాపెట్ గుంటలో కూర్చుందో లేదో చూడకుండా బోల్టు లాగేశారు. రెండు, నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ గైడ్ (వాల్వు కాడ ఆడే గొట్టం) బిగుతుగా ఉంది. గైడు కొట్టాక రీమర్ సరిగ్గా పట్టించకపోతే చల్లగా ఉన్నప్పుడు వాల్వు బాగానే ఆడుతుంది, గుట్ట మీద కాగిన తర్వాత పట్టేస్తుంది. కిందనుంచి క్యామ్ తోస్తుంది, పైన వాల్వు కదలదు, మధ్యలో వంగేది పుష్ రాడే. హెడ్డు దింపిన రోజున ఆ వాల్వును స్ప్రింగు లేకుండా వేలితో తిప్పి చూస్తే తెలిసిపోతుంది. అదే రోజు మిగతా పదకొండు పుష్ రాడ్లను కూడా అద్దం మీద దొర్లించండి. ఇరానీ హోటల్ టేబుల్ మీది అద్దమైనా సరే, వంకర ఉంటే ఎగురుకుంటూ పోతుంది. పొడవులు కూడా వెర్నియర్‌తో చూసుకోండి.

ఇవన్నీ ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, ఇదే తప్పు నేనూ చేశాను. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక ఇసుక లారీకి కొత్త క్యామ్ వేసి, ట్యాపెట్లు చూడ్డానికి అద్దంలా ఉన్నాయని అవే ఉంచేశాను. ఓనరు వారంలో మూడుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా గ్యాప్ సరిచేసి, ‘కొత్త సామాను సెట్ అవుతోంది అన్నా’ అని పంపించాను. నాలుగోసారి ఫిల్టర్ కోస్తే అరచెయ్యి నిండా రజను. రెండో క్యామ్ నా డబ్బుతో కొన్నాను. మీ ఉస్తాద్ మీద కోపం రాకపోవడానికి కారణం అదే.

పరీక్షల్లో క్యామ్ పోయిందని తేలితే, ఈసారి క్యామ్‌తో పాటు పన్నెండు ట్యాపెట్లూ కొత్తవి, ఒకేసారి. ‘అరిగిన రెండే మారుద్దాం’ అంటే ఒప్పుకోకండి. క్యామ్ గేరు పాత క్యామ్ నుంచి తీసి వేడి చేసి కొత్తదానికి ఎక్కిస్తారు కాబట్టి, కీ గాడి సరిగ్గా కూర్చుందో లేదో మీరే దగ్గరుండి చూడండి. సంపు దింపి కడిగించండి, ఆయిల్ కూలర్‌లో రజను దాక్కుంటుంది కాబట్టి దాన్నీ శుభ్రం చేయించండి. 15డబ్ల్యూ40 ఆయిల్ కొత్తది పోసి, 500 కిలోమీటర్లకే ఫిల్టర్ మార్చి, పాతదాన్ని మళ్ళీ కోసి చూడండి.

బయటి మేక్ సామాను వద్దని నేను చెప్పను. నా షెడ్డులో సగం బండ్లు దాని మీదే నడిచాయి. గ్యాస్కెట్లు, సీళ్ళు, స్ప్రింగుల్లో మంచి మేక్‌లు ఉన్నాయి. క్యామ్, ట్యాపెట్లు, ఈ రెంటి దగ్గర మాత్రం ఒకే మేక్ జత తీసుకోండి, కుదిరితే కంపెనీదే. సగం ధరకు క్యామ్ కొని, అది రెండుసార్లు మార్పించి, మధ్యలో నెల రోజులు లోడు పోగొట్టుకుంటే మిగిలిందెంతో మీరే లెక్కేయండి. రాణిగంజ్‌లో కొన్నా జాంబాగ్‌లో కొన్నా, డబ్బా మీది పార్టు నంబరు బిల్లులో రాయించుకోండి. బిగించేముందు పాత క్యామ్ పక్కన కొత్తది పెట్టి, అరగని లోబ్ ఎత్తునూ జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) సైజునూ మైక్రోమీటర్‌తో పోల్చండి. పది నిమిషాల పని.

దుకాణదారు దగ్గరికి పోయేముందు విప్పిన సామాను సంచిలో నంబర్లు వేసి పెట్టుకోండి, ఫోటోలు తీసుకోండి. ‘ఫిటింగ్ తప్పు’ అంటాడు, పాత ట్యాపెట్లు వేసినమాట నిజం కాబట్టి ఆ ముక్కలో న్యాయం కూడా ఉంది. క్యామ్ విషయంలో గట్టిగా అడగలేరు. పుష్ రాడ్ కొసలు మెత్తగా ఉన్నాయని తేలితే మాత్రం వదలకండి. బండి వ్యాపారానిది కదా, వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలవదని ఎవరో ఒకరు అంటారు. 2019 చట్టంలో, సొంతంగా పనిచేసుకుంటూ బతుకుదెరువు కోసమే కొన్న సామానుకు మినహాయింపు ఉంది, ఓనరూ డ్రైవరూ మీరే కాబట్టి అది మీకు వర్తించే అవకాశం ఉంది. 1915 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా ముందుకు పోవాలో చెబుతారు.

రేపు పొద్దున స్క్రూల మరలు లెక్కపెట్టడంతో మొదలుపెట్టండి. వంద కిలోమీటర్ల ముందూ తర్వాతా పన్నెండు గ్యాప్‌లు రాసిన కాగితం ఫోటో నాకు పంపండి, అందులో నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ చుట్టూ సున్నా చుట్టండి. ఆ కాగితం చూశాక క్యామ్ తీయాలో, హెడ్డు దింపాలో, రెండూనో చెబుతాను.